ఒడ్డుగాలం లోగది

హలో… ఆ, నానేరా శంకరూ, బావని. లేసేవా?

ఆదివారం అయితే ఏటి? పదిన్నరయింది. మంచం దిగి, బాల్కనీలోకొచ్చి, తలుపేసుకుని మాటాడు. నాను అరిసేది మీ ఆవిడ ఇనక్కర్నేదు.

… మంగమారిపేటలో ఉన్నాను. సముద్రం ఒడ్డున. … కాదు, గాలానికి రానేదు. గాలం ఇంటికాడే ఉంది. గురువులు తాత పొద్దున్నే ఫోన్ సేసి, ఒకసారి వొచ్చి సూసుకో బాబూ అన్నాడు. గాజువాక నుంచి ఇంతదూరం బండేసుకుని వొచ్చేను.

ఆయనకేటీ అవనేదు. ఆయన వలకయింది.

సెప్తాను, మద్దెలో మాటాడకు. నిన్న సాయంత్రం తాత రాల్లకాడ వల ఏసొచ్చేడు. తెల్లారి తీద్దావని ఎల్తే అక్కడ టూరు బోటు. పన్నెండు మంది జనం. లైఫ్ జాకెట్లూ, పాటలూ, ఒక్కొక్కడి సేతిలో ఒక గాలం. లంగరు తిన్నగా తాత వలమీదే దింపేరు. తాత సెయ్యూపుతన్నాడు, కేకలేత్తన్నాడు. ఆల్లు టాటా సెప్తన్నాడనుకుని సేతులూపేరట. తరవాత లంగరు లాగేరు. వల సగం లంగరుతో వొచ్చింది, సగం రాల్లకి సుట్టుకుని ముక్కలైపోనాది.

… ఏ రాల్లా? ఏ రాల్లని అడుగుతన్నావా?

మన రాల్లే. మన ఫోరం లోగదిలో రాసుకున్న రాల్లు. ఒడ్డుమీంచి సూత్తే అక్కడ నీల్లు తప్ప ఏటీ ఉండదు. తాతకి ఆల్ల నాయిన సెప్పిన తావు, ఆల్ల నాయినకి ఆల్ల తాత సెప్పిన తావు. అక్కడికి నిన్నగాక మొన్న బోటు కొనుక్కున్నోడు గీత గీసినట్టు తిన్నగా ఎలగొచ్చేడురా?

ఆగు, ఇను.

తాత అడిగేడట ఆ బోటు మడిసిని, ఈ తావు మీకెవులు సెప్పేరు నాయినా అని. ఆడు ఫోన్ తీసి సూపించేడట. ‘ఒడ్డుగాలం’ ఫోరం వోల్లకాడ కొనుక్కున్నావన్నాడట. కొనుక్కున్నావన్నాడు. ఆ మాట ఇంటన్నావా? మనం అమ్మేవట. ఆల్లు కొనుక్కున్నారట.

… ఆగు. నీల్లు నమలకు. నాను ఈ ఇసకలో కూకునే ఫోన్లో మన ఫోరం తెరిసి సూసేను. లోగదిలో ఉన్నది ఇరవైముగ్గురం. ఎన్నేల్లనుంచో ఇరవైముగ్గురవే. ఈరోజు సూత్తే ఇరవైనాలుగు. ఆ ఇరవైనాలుగోవోడి పేరు అనిరుధ్. ఆడ్ని లోపలికి రానిచ్చినోడి పేరు పక్కనే రాసుంది. ఉమాశంకర్ అని.

ఉమాశంకర్ అంటే నువ్వే గదా? మా నాగశ్రీ తమ్ముడివి, మధురవాడలో ఉంటావు, కంపూటర్లు సదివేవు. నువ్వేనా, ఇంకో ఉమాశంకర్ ఉన్నాడా?

… నువ్వే. సరే. అనిరుధ్ ఎవులు?

… ఊఁ. టూర్లు తిప్పుతాడా. … బీచ్ రోడ్డులో ఆఫీసా. … సేపలు పట్టడం ఇష్టవా. ఇష్టవైతే ఒడ్డున నిలబడి పట్టుకోమను. నాలుగొందల మంది పట్టుకుంటన్నారు మన ఫోరంలో. ఏ ఎర కట్టాల, దారం ఎంత మందం ఉండాల, ఏ నెల్లో ఏ సేప ఒడ్డుకొత్తాది, అంతా బయటే రాసి పెట్టేం. దారేపోయేవోడు కూడా సదువుకోవొచ్చు. పైసా అడగనేదు ఎవుల్నీ. ఆ లోగది ఒక్కదానికే తాళం ఏసుకున్నాం. ఎందుకేసుకున్నాం?

సెప్పు. నీ నోటితో సెప్పు.

… ఆ. తాతకి మాటిచ్చేం కాబట్టి. గుర్తుంది గదా. ‘నోటితో సెప్తన్నాను, మాటల్లోనే దాసుకోండి. ఫోన్లో జీపీయెస్ పాయింటు మాత్రం కట్టకండి. కట్టేరంటే ఇంక అది నా సేతిలోనూ ఉండదు, మీ సేతిలోనూ ఉండదు’ అన్నాడు. ఆ పడవలో నువ్వూ ఉన్నావు. వాంతులు సేసుకుంటన్నావు గాని, ఉన్నావు.

అంచేతే గదరా అన్ని రూల్సు పెట్టుకున్నాం. సేప పట్టి ఫోటో పెడితే ఎనకాల కొండ కనపడకూడదు. ఇసకా, ఆకాశం, అంతే. నరసింహమూర్తి మాస్టారు డెబ్బయ్యేల్ల మడిసి. పండుగప్ప పట్టిన సంబరంలో ఫోటో పెట్టీసేరు. సెవి పక్కన ఇంత కొండ గీత అగుపడింది. నెల్లాల్లు బయట కూకోబెట్టేను ఆ పెద్దాయన్ని. ఫోన్ సేసి బతిమాలేరు, బాబూ నాను కల్లజోడు లేకుండా తీసేనయ్యా అని. అయినా ఒప్పుకోనేదు. అంత కచ్చితంగా కాసేను ఆ గదిని. నువ్వు ఎల్లి తాళం తీసి, బోటోడి సేతిలో పెట్టేవు.

… ఏటి? … ఇంకోసారి సెప్పు.

స్పాన్సరా?

మనకి స్పాన్సరెందుకు? మనవేటి సినిమా తీత్తన్నావా?

… సర్వరు అద్దె. … ఆ, తెలుసు. సర్వరుకి అద్దుంటాదని నాకు తెల్దేటి? ఏడేల్లు కట్టింది ఎవులు? … నానే గదా. యార్డులో క్రేను నడిపి, ఓవర్‌టైం డబ్బులు తెచ్చి కట్టేను. మీ అప్ప నాగశ్రీ అడిగితే యూనియన్ సందా అని అబద్దవాడేను.

… ఒప్పుకుంటన్నాను. తరవాత కట్టనేదు. ఓవర్‌టైం తీసీసేరు, నిన్ను సూడమన్నాను. రెండు నెల్లు సూడరా, మూడో నెల్నుంచి నానే ఇచ్చీత్తానన్నాను. … ఎన్ని నెల్లయింది?

… పద్నాలుగా.

పద్నాలుగు నెల్లు కడుతుంటే నాకు ఒక్క మాట సెప్పవేటిరా? నాను మర్సిపోతే నువ్వు గుర్తు సెయ్యవా? … నాను ఇబ్బంది పడతానని. మహా మర్యాదస్తుడివి. … పెరిగిందా? ఎందుకు పెరిగింది? … ఫోటోలా. ఊఁ. … ఒక్కొక్కడూ ఒక్కో సేపకి పది ఫోటోలు. తోకకొకటి, మూతికొకటి. అదంతా అద్దేనా. … ఫోటోలు పెట్టొద్దంటే ఎవుడొత్తాడు మరి.

… ఆ, అడిగేవు. సందా పెడదావన్నావు. పేజీ కింద ఒక బొమ్మ పెట్టి, ఇష్టవైనోల్లు వంద పంపండి అందావన్నావు. ఒద్దన్నాను. ఇప్పుడూ ఒద్దంటాను. త్రినాథరావు ఫోరం పేరు సెప్పి సందాలు దండుకుంటన్నాడని పది మందీ అనుకోవాలేటి? మా ఊల్లో మా నాయిన రెండెకరాల సేను పెట్టుకుని ఎవుడి గడపా తొక్కనేదు. ఎండిపోతే ఎండిపోనాదన్నాడు గాని సెయ్యి సాపనేదు. … ఆ, యాడ్లూ ఒద్దన్నాను. సేపల గురించి రాసుకున్న కాడ బనీన్ల బొమ్మలేటి?

… ‘మరెలగ’ అని నన్నడుగుతావేటి? నీకు జీతం వొత్తంది గదా. ఏసీలో కూకుని, నెల తిరిగితే… ఏటి?

ఏటన్నావ్?

… ఎప్పుడు?

… డిసెంబర్లోనా. ఒరే, ఇప్పుడు జూన్‌రా. ఆరు నెల్లు. మీ అప్పకి తెలుసా? … తెల్దు. మీ ఆవిడకి? … మరి రోజూ పొద్దున్న ఆ బేగు తగిలించుకుని ఎక్కడికెల్తన్నావు?

… లైబ్రరీకి.

… ఊఁ.

ఎదవా. మొన్న మా ఇంటికొచ్చినప్పుడు సెప్పకూడదేటి? ఎదురుగా కూకుని రెండుసార్లు సేపల పులుసేయించుకుని తిన్నావు. పోనాది బావా, అని ఒక్క ముక్క. నాను నీకేటీ కాననా? … నన్ను సూసే నేర్సుకున్నావా? ఏటి, సెయ్యి సాపకుండా దాసుకోడవా? … ఆ నోరు అప్పుడు లేవాల్సింది.

సరే. ఉద్యోగం సంగతి సాయంత్రం మాటాడదాం. వొత్తాను నాను. కాని శంకరూ, దానికీ దీనికీ సంబంధం నేదు. నీ కష్టం నీదే, ఒప్పుకున్నాను. నీ కష్టానికి గురువులు తాత వలేటి సేసిందిరా? మన కాడ డబ్బు నేకపోతే మన ఫోరవే మూసుకోవాల. ఆయన తావులు ఆయనవి. మనవి కావు అమ్ముకోడానికి.

… ఆడు ఏవీ అడగనేదా? మెంబర్‌షిప్పు మాత్రవే అడిగేడా? ఏడాది అద్దె ఒకేసారి పోసి, ఒక్క లోగది మెంబర్‌షిప్పు అడిగేడు. ఎందుకడిగేడో నీకు అనుమానవే రానేదు. పండుగప్ప ఎలగ వండాలో సదువుకుంటాడనుకున్నావు.

తాత ఇక్కడే ఉన్నాడు, సూడు. పడవ నీడన కూకున్నాడు. నాను మాటాడింది మొత్తం ఇంటన్నాడు. ఇనాలనే ఇక్కడ నిలబడి మాటాడతన్నాను. రాగానే సెప్పీసేను ఆయనకి. నాకేటీ తెల్దు తాతా, ఇది మా బావమరిది సేసిన పని, సాయంత్రంలోగా ఆడ్ని తెచ్చి నీ కాల్లు పట్టిత్తానన్నాను. ఆల్ల కోడలు సీతాలు ముందే అన్నాను. పేటలో సగం మంది ముందు అన్నాను. బండేసుకుని బయల్దేరు.

… అదేటి? … లోగదిలో మనం రాసుకున్న కొండ గుర్తుల మాటలు సదివి ఎవుడూ ఎల్లనేడనుకున్నావా?

… ఆ. అది… నిజవే. కొండమీద టవరూ, తాటిసెట్టూ ఒక వరసలోకొచ్చినప్పుడు అంటే, ఏ టవరో ఏ సెట్టో ఆడికేటి తెలుసు. ఆ సెట్టు పడిపోయే ఆరేల్లయింది. తాత కల్లల్లో ఉంది గాని కొండమీద నేదు. మాటలు సదివితే ఎల్లనేరు. ఒప్పుకున్నాను.

మరి ఎలగెల్లేరు?

… పాయింటా. పాయింటెక్కడిది? లోగదిలో జీపీయెస్ అంకెలు పెట్టకూడదని రూలుంది. రాసిందే నాను. … ఉన్నాయా? నువ్వే పెట్టుంటావు. నీకు అదొక పిచ్చి గదా, అన్నిటికీ మేపు గీయడం. … కాదా. మరెవులు?

పేరు సెప్పు. ఇప్పుడే ఆడ్ని పీకీత్తాను. గవర్రాజా? ఆడే అయ్యుంటాడు. ఆడికి కొత్త ఫోన్ కొన్నప్పట్నుంచీ… … ఆడు కాదా. ఆడు కాకపోతే ఎవులు? పేరు సెప్పడానికి అంత గింజుకుంటావేటి? ఎంత పెద్దోడైనా పీకీత్తాను. తాత ఎదురుగానే పీకీత్తాను. సెప్పు.

…

ఏ సంవత్సరం?

… ఉండు. ఉండుండు. ఇక్కడ గాలి కొట్టీత్తంది, సరిగ్గా ఇనపడతన్నేదు. రోడ్డుమీదకెల్తాను.

… నేదు తాతా, సిగ్నలు. సిగ్నలు నేదిక్కడ. ఇప్పుడే వొచ్చీత్తాను, కూకో.

…

ఆ. సెప్పు. … ఎవులూ నేరు ఇక్కడ. సెప్పు.

సదువు. … మొత్తం సదువు, తారీకుతో సహా.

… ఊఁ. ఫోరం పెట్టిన ఏడే. … ఊఁ. … ‘ఈరోజు గురువులు తాత పడవలో సముద్రంలోకి వెళ్ళి…’ ఆ. నా రాతే. నాకు తప్ప ఎవులకీ రాదు అంత డాబు. … సదువు. … ‘మన ఐదుగురి కోసం మాత్రమే.’ … ఊఁ. కింద? … అంకెలు. ఎన్ని తావులకి?

… ఏడిటికీనా.

…

ఉన్నాను. ఎలగ కట్టేననా?

ఎలగంటే… తాత ఒక్కో రాయికాడ పడవ ఆపీవోడు. అదిగో బాబూ ఆ కొండ, దాని ఎనక ఇంకో కొండ, రెండిటి మద్దెలో ఇంత సందు అగుపడాల, ఆ సందులోకి సెట్టు రావాల, అనీవోడు. నాకు కొండలన్నీ ఒక్కలాగే ఉండీవి. వరిసేల్లో పుట్టినోడ్ని నాను. సముద్రంలో నిలబడి ఒడ్డు సూడ్డం అదే మొదలు. ‘తెలిసిందా’ అనీవోడు. తెలిసింది తాతా అనీవోడ్ని. తెల్దని సెప్పడానికి నామోషీ. క్రేను ఎక్కితే ఎంత దూరంనుంచయినా గురి తప్పనని ఆయనకి గొప్పలు సెప్పుకున్నాను. ఆయన అటు తిరిగి లంగరు సూసుకుంటుంటే ఫోన్ తీసి నొక్కీవోడ్ని. ఏడుసార్లు తిరిగేడు. ఏడుసార్లూ నొక్కేను.

మర్సిపోతానని ఫోరంలో ఎక్కించేను. ఫోన్ పోయినా అది పోదు గదా అనుకున్నాను. … అవును, రూలు తరవాతే పెట్టేను. జనం పెరిగినాక పెట్టేను. పెట్టినాక ఇది తీయనేదు. … నిజంగానే మర్సిపోయేను, శంకరూ. నమ్మితే నమ్ము, నేకపోతే నేదు. నాలుగొందల మందిని కాసేను. నా పోస్టు నాను సూసుకోనేదు. కల్లజోడు లేని పెద్దాయన్ని కొండ గీతకోసం నెల్లాల్లు బయట నిలబెట్టేను, థూ.

తీసీ.

తీసీ దాన్ని. ఇప్పుడే తీసీ, నాను లైన్లో ఉండగానే. … ఆడు రాసుకునే ఉంటాడు, తెలుసు. ఆడికోసం కాదు. … మరెవులకోసవని అడుగుతన్నావా? నోర్ముయ్. తీయమన్నాను తీయి. … ఎవులడిగినా అక్కడేటీ ఉండకూడదు. … నువ్వు నాకు నీతులు సెప్పకు.

… ఏటి?

… ఆ.

… నీ పేరే ఉండనీయమంటావా.

… అవును. తలుపు తీసింది నువ్వే, అదీ నిజవే. … నువ్వొచ్చి కాల్లు పట్టుకుంటావు. … తాతకి ఆ తేడా ఏటి తెలుత్తాది, అవును. ఫోరం ఉండాలంటే నా పేరు నిలబడాల. … అవున్రా. ఎలాగూ సెప్పీసేను గదా ఆయనకి నువ్వేనని. మళ్ళీ ఇంకోలాగ సెప్తే…

…

ఎదవ్వి గాని, మంచోడివి శంకరూ. ఆరు నెల్లు పని నేదు, పద్నాలుగు నెల్లు నా అద్దె కట్టేవు, ఇప్పుడు నా తిట్లు కూడా…

ఉండు. … ఆ, ఏటమ్మా? … టీ ఎందుకమ్మా సీతాలూ. ఒద్దమ్మా, తాగేసొచ్చేను. … సరే, ఇయ్యి.

… ఏటీ? … ఊఁ. … ఊఁ. సరేనమ్మా. సెప్తాను.

…

సీతాలు. టీ అట్టుకుని రోడ్డుదాకా వొచ్చింది. పొద్దున్నుంచీ ఆ వల ముందేసుకుని కూకుంది, ఇంట్లో ఈపూట పొయ్యెలిగిందో నేదో తెల్దు. ‘మీ బావమరిదిని మరీ అంత తిట్టకండి బాబూ, కుర్రోడు, తెలక సేసుంటాడు’ అంటంది.

నీ గురించి బతిమాలతంది నన్ను.

ఈ టీ ఎలగ తాగన్రా.

ఆ పోస్టు తీసేసేవా? … ఇంకా నేదా. అయితే ఉండనీ. అలాగే ఉండనీ, నా పేరుతో. సాయంత్రం నానే తీత్తాను.

… నువ్వు రానక్కర్నేదు. బండి తీయకు. ఫోన్ మాత్రం కొయ్యకు. నాను ఎనక్కెల్తన్నాను, ఆయనకాడికి. నువ్వు సెవొగ్గి ఇంటా ఉండాల. ఎవుడూ ఇనకపోతే దార్లోనే మాట మార్సీత్తాను. నా సంగతి నాకు తెలుసు.

… నడుస్తన్నాను. … ఉన్నావు గదా.

తాతా.

… లేవకు, కూకో. నానూ కూకుంటాను. … శంకర్ కాదు తాతా. ఆడు తలుపు తీసేడు, అంతే. లోపల పెట్టింది నాను. ఆ పాయింట్లు కట్టింది నాను, నీ పడవలోనే, నీ ఎనకాల నిలబడి. నువ్వు తెలిసిందా అంటే తెలిసిందన్నాను గదా. తెలనేదు తాతా. ఒక్క కొండా తెలనేదు నాకు. ఇప్పటికీ తెల్దు.

… అవును.

… ఏడూ, తాతా. … ఆల్లకాడికి ఏడూ ఎల్లిపోనాయి.

… అవును. అదీ ఉంది అందులో.

…

… సరే తాతా.

… సరే. అలాగే.

…

ఉన్నావా? … ఇన్నావా? … ఆయన మాట ఇనపడనేదా. మెల్లిగా అన్నాడు. అక్కడ నాకే సరిగ్గా ఇనపడనేదు.

తిట్టనేదు. తిడితే బాగుణ్ణు. ‘పెద్దరాయి కూడానా’ అని అడిగేడు. అవునన్నాను. ఆల్ల నాయిన పోయిన తావట అది. పడవ తిరగబడి అక్కడే పోనాడట. ఇన్నేల్లలో ఎప్పుడూ సెప్పనేదు నాకు. అక్కడికి తీసుకెల్లి పాతికసార్లు గాలం ఏయించేడు గాని, సెప్పనేదు. … ఇంక నా పడవ ఎక్కకు బాబూ, అన్నాడు. బాబూ అనే అన్నాడురా. లేసెల్లిపోనాడు.

… కాదు, ఇప్పుడు ఎనకాల ఎల్లకూడదు. ఎల్లి ఏటంటాను.

శంకరూ. కంపూటరు తెరువు.

ఆ అనిరుధ్‌ని ముందు పీకు. … ఆడి డబ్బు ఎంత మిగిలుంది? … మిగిలింది ఈరోజే ఎనక్కి పంపు. మనం వాడేసింది జీతం రాగానే నాను ఇచ్చీత్తాను. … సర్వరు నెలాకరుకి ఆగిపోతాదా. తెలుసు. ఆగితే ఆగనీ.

ఇప్పుడు నాను సెప్తాను, నువ్వు టైపు సెయ్యి. లోగదిలో కాదు, బయట, నాలుగొందల మందికీ అగుపడాల. నా మాటని నువ్వు బడి తెలుగులోకి మార్సుకో గాని, మెత్తన సెయ్యకు.

‘అందరికీ నమస్కారం.’ … ఒద్దు, కొట్టీ. తిన్నగా ఎత్తుకో. ‘మంగమారిపేట…’ … ఒద్దొద్దు. ఊరు పేరొద్దు, ఆయన పేరూ ఒద్దు. మళ్ళీ ఆయన్ని బయటెట్టకు. ‘ఒక పెద్దాయన మనల్ని నమ్మి సముద్రంలో ఏడు తావులు సూపించేడు. అంకెలు రాసుకోవొద్దన్నాడు. నాను దొంగతనంగా రాసుకున్నాను. అవి బయటికెల్లిపోనాయి. ఈరోజు పొద్దున్న ఆయన వల ముక్కలైపోనాది.’ సదువు.

… ‘పొరపాటున’ ఎందుకొచ్చింది మద్దెలో? నాను అననేదు. తీసీ. … ‘దొంగతనంగా’ ఉండనీ. ఉండనీమన్నాను గదా.

… ఆ. తరవాత రాయి. ‘నాకు డబ్బులు కావాల.’

… ఇంటన్నావు గదా, రాయి. … ‘సహకారం’ ఒద్దు. ‘విరాళం’ అసలే ఒద్దు. ‘నాకు డబ్బులు కావాల. మీ అందర్నీ అడుగుతన్నాను.’ అంతే. … నాకేటీ అవనేదు. బాగానే ఉన్నాను. గాలికి కల్లల్లో ఇసక పడింది. రాయి నువ్వు.

… ఎందుకోసవని రాయాలా.

ముందు వలకి. కొత్త వల మొత్తానికీ, ఆల్లకి వేట పోయిన రోజులకీ. అది అయినాక ఏదైనా మిగిల్తే సర్వరుకి. … అలాగే రాయి, అదే వరసలో. … మిగలకపోతే మూసీ. … తొమ్మిదేల్లని నాకూ తెలుసు శంకరూ. ఎన్ని పోస్టులో కూడా తెలుసు. మూసీమన్నాను.

… పేరు అడ్మిన్ అని కాదు. ‘త్రినాథరావు, గాజువాక.’ కింద నా ఫోన్ నెంబరెట్టు. … ఎట్టు, పరవానేదు. తిట్టాలనున్నోడు తిట్టనీ.

… పెట్టేవా. … అందరికీ ఎల్లిందా. … ఊఁ.

సాయంత్రం ఇంటికొత్తాను. మీ అప్పని కూడా తీసుకొత్తాను. ఆ లైబ్రరీ సంగతి ఆవిడకి నువ్వే సెప్పుకో, నాను సెప్పను. … భయపడకు. నా సంగతి కూడా సెప్పుకోవాల గదా, ఇద్దరం ఒకేసారి తిందాం తిట్లు.

… ఆగు. ఏదో మోగుతంది లైన్లో. … ఎవులో సేత్తన్నారు. తెల్నేని నెంబరు. … అప్పుడే సదివీసినట్టున్నారు.

పెట్టీ శంకరూ. ఎత్తాల.